నాటాల్ వెళ్ళిపోయిన ముత్తాత తమ్ముడి కుటుంబం డీఎన్ఏ టెస్టుతో దొరుకుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ ముత్తాత తమ్ముడు 1910 ప్రాంతంలో బొబ్బిలి వైపు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరుకు తోటలకు కూలీగా వెళ్ళారు. ఒకటి రెండు ఉత్తరాలు వచ్చాయి, ఆ తర్వాత కబురు లేదు. మీ తాతగారు లేరు. ఆయన చెల్లెలు ఉన్నారు, ఆవిడే మీ అమ్మమ్మ, ఎందుకంటే మీ అమ్మానాన్నలది మేనరికం. ఇప్పుడు మీరు డీఎన్ఏ టెస్టు చేయించుకుంటే దక్షిణాఫ్రికాలో ఆయన సంతానం దొరుకుతారా, ఏ టెస్టు మంచిది, మేనరికం వల్ల ఫలితం తారుమారవుతుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. దొరికే అవకాశం ఉంది. కానీ మొదట టెస్టు చేయించాల్సింది మీకు కాదు, మీ అమ్మమ్మకి. రెండోది మీ నాన్నగారికి, అదీ వై టెస్టు, అంటే తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్‌ది. మీది చేయించకపోయినా పెద్ద నష్టం లేదు. మేనరికం వల్ల ఇబ్బంది ఉంది, అది మీ ఒక్క ఇంటిది కాదు, మన వాళ్ళందరిదీ. దాన్ని దాటే దారి కూడా ఉంది. ఇక టెస్టు చేయించినంత మాత్రాన ఎవరూ దొరకరు. అటు వైపు ఎవరో ఒకరు అదే కంపెనీలో టెస్టు చేయించుకుని ఉంటేనే, లేదా ఇద్దరి ఫైళ్ళూ ఒకే చోట చేరితేనే మ్యాచ్ వస్తుంది. అందుకే టెస్టుతో పాటు కాగితాల వెతుకులాట కూడా నడవాలి. ఉత్తరాంధ్ర నుంచి నాటాల్, మారిషస్, ఫిజీ వెళ్ళినవాళ్ళ కుటుంబాలను కలిపే పనిలో నేను చాలా ఏళ్ళుగా ఉన్నాను. ఇటు వాళ్ళవీ అటు వాళ్ళవీ ఫలితాలు పక్కపక్కన పెట్టి చూసిన అనుభవంతో రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. మన దగ్గర డీఎన్ఏ టెస్టు అనగానే కోర్టు కేసులు, తండ్రి ఎవరో తేల్చడం, హైదరాబాద్‌లో డీఎన్ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ గుర్తొస్తాయి. అది వేరు. అందులో ఇరవై దాకా గుర్తులు చూసి ఇద్దరు మనుషులను పోలుస్తారు. మనకు కావలసిన టెస్టులో ఆరేడు లక్షల చోట్ల చదువుతారు, దాన్ని లక్షలమందితో పోలుస్తారు. ఆ పోలిక చేసే డేటాబేసే ఇక్కడ అసలు సరుకు. దేశంలో కొన్ని కంపెనీలు ‘మీ మూలాలు తెలుసుకోండి’ అంటూ టెస్టులు అమ్ముతున్నాయి. వాటిలో చాలావాటికి ఈ బంధువుల మ్యాచింగ్ ఉండదు. ‘మీరు 97 శాతం దక్షిణ భారతీయులు’ అని రంగుల మ్యాపు ఒకటి ఇస్తారు. బొబ్బిలి మనిషికి ఆ ముక్క చెప్పడానికి టెస్టు అక్కర్లేదు. కొనే ముందు ఒక్కటే అడగండి: బంధువుల జాబితా ఇస్తారా, అందులో సెంటీమోర్గాన్ లెక్క (ఇద్దరికీ ఎంత డీఎన్ఏ కలిసిందో చెప్పే కొలత) చూపిస్తారా? లేదంటే వదిలేయండి.

అమ్మమ్మే ఎందుకు?

వరస కట్టి చూడండి. నాటాల్ వెళ్ళినాయన మీకు ముత్తాత తమ్ముడు, కానీ మీ అమ్మమ్మకి స్వయానా చిన్నాన్న. ఆయనకు అక్కడ పుట్టిన పిల్లలు ఆవిడకి చిన్నాన్న పిల్లలు. వాళ్ళు ఈపాటికి పోయే ఉంటారు గానీ వాళ్ళ పిల్లలు, అంటే నాటాల్ ఆయన మనవలు, అరవైలు డెబ్భైల్లో ఉండి ఉంటారు. మీ అమ్మమ్మకీ ఆ మనవలకీ మధ్య సగటున 430 సెంటీమోర్గాన్ల దాకా కలవాలి. మీ నాన్నగారికీ వాళ్ళకీ 230 దాకా. అదే మీ తరం వాళ్ళూ అక్కడి మీ తరం వాళ్ళూ టెస్టు చేయించుకుంటే సగటు 70 దగ్గరికి పడిపోతుంది, పైగా పదిమందిలో ఒకరికి ఏమీ కలవకపోవచ్చు. ఇంకో తరం దిగితే సగంమందికి మ్యాచే రాదు. బంధుత్వం లేక కాదు, ప్రతి తరంలో సగం సగం పంచుకుంటూ వచ్చేసరికి ఆ పూర్వీకుల ముక్క అసలు మిగలకపోవచ్చు.

ఈ సగటులు చాలావరకు యూరప్ మూలాలున్నవాళ్ళ దగ్గర సేకరించినవి, మనకు కింద మీద అవుతాయి, ఎందుకో కింద చెప్తాను. కానీ విషయం మారదు. పెద్దావిడ ఒంట్లో ఉన్నది మీ ఒంట్లో లేదు. ఆవిడ ఉండగా తీసుకున్న శాంపిల్ ఎప్పటికీ పనికొస్తుంది. రేపు పదేళ్ళకు డర్బన్‌లో ఒకరు టెస్టు చేయించుకున్నా అది కలుస్తుంది. ఆవిడ పోయాక ఏ డబ్బూ దాన్ని తేలేదు. నేను ఎవరికైనా తొందరపెట్టేది ఈ ఒక్క విషయంలోనే. టెస్టు ఖరీదు సేల్ ఉన్నప్పుడు తగ్గుతుంది. ఒక్క కిట్టుకే డబ్బుంటే అది ఆవిడకే వాడండి.

శాంపిల్ గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే పెద్దవాళ్ళ కిట్లు పాడయ్యేది ఇక్కడే. కొన్ని కంపెనీలది ఉమ్మి గొట్టం, కొన్నిటిది బుగ్గ లోపల రుద్దే పుల్ల. ఎనభై దాటినవాళ్ళకి నోరు ఎండిపోయి ఉంటుంది, గొట్టంలో గీత దాకా ఉమ్మడం వాళ్ళవల్ల కాదు, అరగంట సేపు కష్టపడి నురగ మాత్రమే నింపుతారు, ల్యాబ్ వాళ్ళు పనికిరాదంటారు. కాబట్టి పుల్ల ఉన్న కిట్ తీసుకోండి. మైహెరిటేజ్, ఫ్యామిలీట్రీడీఎన్ఏ వాళ్ళవి పుల్లలే. పొద్దున్నే, ఆవిడ కాఫీ తాగకముందు తీయండి. ఆకు వక్క అలవాటుంటే ముందు నోరు బాగా పుక్కిలించి అరగంట ఆగాలి. చుట్ట అలవాటు ఉన్నా అంతే. మన వైపు ముసలమ్మల్లో అడ్డపొగ తాగేవాళ్ళు ఇంకా ఉన్నారు కదా, వాళ్ళకి పొద్దున్న లేస్తూనే తీయడమే మేలు. కట్టుడు పళ్ళు తీసేయించండి. పుల్లని బుగ్గకి ఆనించి, బయట నుంచి మీ వేలితో బుగ్గని కొంచెం నొక్కి పట్టుకుని, తిప్పుతూ నిమిషం సేపు రుద్దండి. రెండో పుల్ల రెండో బుగ్గకి. కొస ఎక్కడా తగలకుండా ద్రవం ఉన్న సీసాలో విరిచి మూత బిగించండి. ఇదంతా ఎందుకో ఆవిడకి ముందే చెప్పండి. ‘మీ చిన్నాన్న వాళ్ళ పిల్లల్ని వెతుకుతున్నాం’ అంటే ఏ పెద్దావిడా కాదనగా నేను చూడలేదు. పైగా ఆ మాటతోటే జ్ఞాపకాలు బయటికొస్తాయి. పక్కన ఫోన్లో రికార్డింగ్ పెట్టుకోండి.

కిట్ ఇండియాకి పంపుతారా లేదా, ఇక్కడి నుంచి శాంపిల్ బయటి దేశానికి పంపడానికి ప్రస్తుతం ఏ రూల్ నడుస్తోంది అనేది కొనేముందే కంపెనీని అడిగి తెలుసుకోండి, ఇవి మారుతుంటాయి. ఆన్సెస్ట్రీ కంపెనీ డేటాబేస్ అన్నిటికన్నా పెద్దది, రెండున్నర కోట్ల పైమాటే, కానీ వేరే చోట చేసిన టెస్టు ఫైలుని వాళ్ళు తీసుకోరు. జెడ్‌మ్యాచ్ అనే వెబ్‌సైట్ మాత్రం ఎవరి దగ్గర చేసిన ఫైలునైనా తీసుకుని పోలుస్తుంది, ఇప్పుడు చెప్పబోయే లెక్కలకి అది చాలా ఉపయోగం. ఇంకో మాట. మ్యాచ్ డర్బన్ నుంచే వస్తుందని అనుకోకండి. అక్కడి మనవాళ్ళలో చాలామంది పిల్లలు ఆస్ట్రేలియా, కెనడా, ఇంగ్లండ్ వెళ్ళి స్థిరపడ్డారు, టెస్టులు ఎక్కువగా చేయించుకునేదీ వాళ్ళే. పెర్త్ నుంచో టొరంటో నుంచో ‘నాయుడూ’ అని సాగదీసిన స్పెల్లింగ్‌తో ఒక పేరు కనిపిస్తే దాటేయకండి.

మేనరికం సంగతి

మీ ఇంట్లో ఏం జరిగిందో చూడండి. మీ అమ్మ మీ నాన్నకి మేనత్త కూతురు. అంటే మీ ముత్తాత మీకు నాన్న వైపు నుంచీ ముత్తాతే, అమ్మ వైపు నుంచీ ముత్తాతే. ఆయన తల్లిదండ్రుల రక్తం మీకు రెండు దారుల్లో వచ్చింది. కాబట్టి నాటాల్ వాళ్ళతో మీకు మామూలుగా కలవాల్సినదానికి రెట్టింపు దాకా కలవచ్చు. 70 రావాల్సిన చోట 140 వస్తే, కంపెనీ లెక్క ప్రకారం మీరు ఉన్నదానికంటే దగ్గర బంధువు అయిపోతారు. వాళ్ళ సాఫ్ట్‌వేర్‌కి మేనరికం తెలియదు. అది అమెరికా, యూరప్ కుటుంబాలని చూసి నేర్చుకున్నది. అదే మీ అమ్మ గనక మీ నాన్నకి మేనమామ కూతురై ఉంటే, రెట్టింపయ్యేది మీ నాయనమ్మ వైపు, నాటాల్ లెక్కకి దానితో సంబంధం ఉండేది కాదు. అందుకే నన్ను ఎవరైనా ‘మాది మేనరికం’ అని అడిగితే ‘ఏ వైపు మేనరికం’ అనేది మొదట అడుగుతాను. అక్క కూతురిని చేసుకున్న ఇళ్ళలో ఇంకా ఎక్కువ కలుస్తుంది.

మీ అమ్మమ్మని పరీక్షించడానికి ఇదే రెండో కారణం. మీ అమ్మానాన్నల మేనరికం ఆవిడ తర్వాతది, ఆవిడ ఫలితంలో అది ఉండదు. అయితే ఆవిడ తల్లిదండ్రులది కూడా మేనరికమేమో అడగండి. చెప్పలేకపోతే జెడ్‌మ్యాచ్‌లో, తల్లిదండ్రులు బంధువులా అని చూసే పరికరం ఒకటి ఉంది, రెండు నిమిషాల పని.

ఇది ఇంటి మేనరికం. దీని వెనక ఇంకా పెద్దది ఉంది, కులంలో కులంలోనే వందల ఏళ్ళుగా జరిగిన పెళ్ళిళ్ళు. సీసీఎంబీ (హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు, హార్వర్డ్ వాళ్ళు కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాలు ఫిన్లండ్ వాళ్ళకంటే, అష్కెనాజీ (యూరప్) యూదులకంటే కూడా తక్కువమంది పూర్వీకుల నుంచి పెరిగినవని తేలింది. అంటే ఒకే కులం, ఒకే ప్రాంతం వాళ్ళు ఇద్దరిని తీసుకుంటే వాళ్ళకి తెలిసిన బంధుత్వం ఏమీ లేకపోయినా చిన్న చిన్న ముక్కలు బోలెడు కలుస్తాయి. వాటిని కూడితే పెద్ద అంకె వస్తుంది, కంపెనీ ‘సెకండ్ కజిన్’ అంటుంది, మనం సంబరపడిపోతాం.

నా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెప్తాను. డర్బన్‌లో ఒక ఉపాధ్యాయురాలు. ఆవిడ ముత్తాత విశాఖ జిల్లా అని కాగితంలో ఉంది, ఊరి పేరు చదవడానికి వీల్లేకుండా ఉంది. ఆవిడకి అమెరికాలో ఉన్న ఒక తెలుగబ్బాయితో 118 సెంటీమోర్గాన్లు కలిసింది. ఇద్దరూ ఉత్తరాలు రాసుకున్నారు, వాళ్ళ ఊరే మా ఊరని ఆవిడ టికెట్లు కూడా చూసుకుంటోంది. ముక్కలు విడదీసి చూస్తే పన్నెండున్నాయి, అన్నిటికన్నా పొడుగుది 13 మాత్రమే. అబ్బాయి అమ్మానాన్నలది మేనరికం. అబ్బాయి తల్లికి, తండ్రికి విడిగా టెస్టు చేయిస్తే ఇద్దరితోనూ ఆవిడకి ఇంచుమించు ఒకే అంతే కలిసింది. అది ఒకే కులం, ఒకే ప్రాంతం అని చెప్పే మ్యాచ్, ఒకే కుటుంబం అని కాదు.

కాబట్టి మొత్తం అంకె కాదు, అన్నిటికన్నా పొడుగు ముక్క ఎంతో చూడండి. పాతకాలం నుంచి వచ్చిన ముక్కలు తరతరానికీ తెగి తెగి చిన్నవైపోతాయి. దగ్గర పూర్వీకుడి నుంచి వస్తే పొడుగ్గా ఉంటాయి. నేను పాటించే లెక్క: 15 కంటే చిన్న ముక్కలని మన వాళ్ళ విషయంలో అసలు లెక్కలోకి తీసుకోను. పొడుగు ముక్క 30 దాటితే కూర్చుని చూస్తాను. 40 పైన ఒకటి, దాని పక్కన 20, 25లవి రెండు మూడు ఉంటే ఆ కుటుంబానికి వెంటనే ఉత్తరం రాస్తాను. ఇది కొలత కర్ర కాదు, నా అనుభవంలో పనికొచ్చిన హద్దు. మీ అమ్మమ్మకీ నాటాల్ మనవళ్ళకీ నిజంగా ఆ వరసే అయితే ఇంత చూసుకోవాల్సిన పనే ఉండదు, పొడుగాటి ముక్కలు చాలానే కలుస్తాయి, చూడగానే తెలుస్తుంది.

నాన్నగారికి వై టెస్టు

మన పద్ధతుల్లో ఒక అదృష్టం ఉంది. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్తుంది, ఇంటిపేరూ అలాగే వెళ్తుంది. పెళ్ళి మాత్రం ఎప్పుడూ వేరే ఇంటిపేరు వాళ్ళతోటే. మేనరికం ఎన్ని తరాలు చేసుకున్నా మేనమామ ఇంటిపేరు వేరు, మేనత్త అత్తింటి పేరు వేరు. కాబట్టి మిగతా డీఎన్ఏని ఎంత కలగాపులగం చేసినా మేనరికం వైని ముట్టుకోదు. మీ ముత్తాతకీ ఆయన తమ్ముడికీ ఒకటే వై. ముత్తాత నుంచి తాతకి, తాత నుంచి మీ నాన్నకి వచ్చింది. అక్కడ ఆయన కొడుకు, కొడుకు కొడుకు అలా మగ వరసలో ఎవరైనా ఉంటే వాళ్ళదీ అదే అయి ఉండాలి. మీ అమ్మమ్మకి వై ఉండదు కాబట్టి ఈ పని మీ నాన్నగారే చేయాలి. మీకూ వచ్చేది ఆయన వైయే గనక ఆయన కాదంటే మీరు చేయించుకోవచ్చు.

ఇది ఫ్యామిలీట్రీడీఎన్ఏలో చేస్తారు, 37 గుర్తులది ఖరీదే, 111ది ఇంకా ఎక్కువ. ముందే కొనకండి. అటు వైపు ఒక కుటుంబం అనుమానంగా దొరికాక, వాళ్ళలో మగ వరస మనిషి ఒప్పుకున్నాక ఇద్దరూ కలిసి చేయించుకోండి. ఇందులో గమనించాల్సింది, వై కలవకపోతే ఆ మగ వరస ఒకటి కాదని గట్టిగా చెప్పొచ్చు. కలిస్తే మాత్రం ‘ఒకే మగ వరస’ అని తెలుస్తుంది గానీ ఎన్ని తరాల కిందట అనేది దానంతట అది చెప్పదు. 37 గుర్తులు కలిసినవాళ్ళ మధ్య కూడా వందల ఏళ్ళ దూరం ఉండొచ్చు, అదే ఇంటిపేరున్న పక్క ఊరి వాళ్ళు కావచ్చు. అందుకే అమ్మమ్మ ఫలితం, వై ఫలితం రెండూ ఒకేవైపు చూపిస్తేనే నేను కుటుంబం కలిసింది అంటాను.

తల్లి వరస టెస్టు, అంటే మైటోకాండ్రియాది, మీ పనికి అక్కర్లేదు. అది చాలా నిదానంగా మారుతుంది, వేల ఏళ్ళ కథ చెప్తుంది. ఒక చిన్న ఉపయోగం ఎక్స్ క్రోమోజోమ్‌తో ఉంది: మీ నాన్నగారికి ఎక్స్ వాళ్ళమ్మ నుంచే వచ్చింది. కాబట్టి ఎవరితోనైనా ఆయనకి ఎక్స్‌లో పెద్ద ముక్క కలిస్తే, ఆ ముక్క మీ ముత్తాత వైపుది కాదు, నాయనమ్మ వైపుది. అలాంటివి పక్కన పెట్టేయొచ్చు.

కాగితాలు

డీఎన్ఏ ఒక్కటే నమ్ముకుంటే ఏళ్ళు పట్టొచ్చు. నాటాల్ విషయంలో మనకున్న గొప్ప ఆధారం ఓడల జాబితాలు. మద్రాసు నుంచి వెళ్ళిన ట్రూరో ఓడ 1860 నవంబర్ 16న డర్బన్ చేరిన దగ్గర్నుంచి, 1911లో ఈ కూలీల పంపకం ఆగిపోయేదాకా లక్షా యాభై వేలమందికి పైగా వెళ్ళారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు రాశారు. ఆ జాబితాలు కంప్యూటర్‌లోకి ఎక్కాయి, డర్బన్‌లోని గాంధీ లుథూలీ డాక్యుమెంటేషన్ సెంటర్ దగ్గర ఉన్నాయి. మీరు చెప్పిన 1910 నిజమైతే మీరు వెతకాల్సింది ఆఖరి రెండు మూడేళ్ళ ఓడలే, చాలా తేలిక.

ఇక్కడ అందరూ తడబడేది పేర్ల దగ్గర. జాబితాలో ఇంటిపేరు ఉండదు. మనిషి పేరు, తండ్రి పేరు, అంతే. అక్కడ రెండో తరం నుంచి ఆ మనిషి పేరే ఇంటిపేరైపోయింది. డర్బన్ వైపు అప్పల్‌సామి, అప్పల్‌రాజు అనేవి ఇప్పుడు ఇంటిపేర్లు. వాటిని చూడగానే మన వైపు వాళ్ళకి అర్థమవుతుంది, అది సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకున్న ఇల్లు, విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం చుట్టుపక్కలది అని. కాబట్టి మీ ఇంటిపేరుతో వెతక్కండి, దొరకదు. ఆయన పిలుపు పేరు, ఆయన తండ్రి పేరు కావాలి. బొబ్బిలి అప్పట్లో విశాఖపట్నం జిల్లాలోది, ఆ కాలపు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ‘వైజాగపటం’ అని రకరకాలుగా రాసి ఉంటుంది. ఊరి పేరైతే రాసినవాడికి ఎలా వినబడితే అలా. ఊరితో మొదలుపెట్టకుండా తండ్రి పేరు, తాలూకా, కులం మూడూ కలిసినవాళ్ళని ముందు ఏరండి.

మరి మీ ముత్తాత తండ్రి పేరు ఎలా తెలుస్తుంది? మీ ఇంట్లో తద్దినాలు పెట్టే పద్ధతి ఉంటే పురోహితుడు మూడు తరాల పేర్లు చదువుతారు. మీ తాతగారు పెట్టిన తద్దినంలో ఆయన తండ్రి, తాత, ముత్తాత పేర్లు వచ్చి ఉండాలి. పాత పురోహితుడి ఇంట్లో పుస్తకం ఉందేమో కనుక్కోండి. మీ కులానికి వంశావళి చెప్పే వంశరాజులు (పిచ్చిగుంట్లవాళ్ళు) వస్తుంటే వాళ్ళని అడగండి, ఇంటిపేరు, గోత్రం చెప్తే శాఖలన్నీ పాడతారు. భూమి రికార్డుల మీద మాత్రం పెద్ద ఆశ పెట్టుకోకండి. బొబ్బిలి జమీందారీ కదా, ప్రభుత్వ సర్వే సెటిల్‌మెంట్ రికార్డులు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతవే దొరుకుతాయి, అప్పటికి ఆయన వెళ్ళిపోయి దాదాపు నలభై ఏళ్ళు.

మీరు చెప్పిన ఆ ఉత్తరం ఎక్కడైనా ఉంటే దాని విలువ ఇంతా అంతా కాదు. చిరునామాలో ఎస్టేట్ పేరు ఉంటుంది. కవరు ఉంటే ముద్ర మీద పోస్టాఫీసు. అలాంటి కవరు ఒక్కటి ఒక కుటుంబాన్ని కలిపింది. విజయనగరం వైపు వాళ్ళు, దేవుడి గూట్లో పసుపు గుడ్డలో చుట్టి పెట్టుకున్నారు. ఉత్తరం చెదలు తినేసింది, కవరు కొస మిగిలింది, దాని మీద ‘స్టాంజర్’ అని సగం ముద్ర. నాటాల్ ఉత్తర తీరంలో చెరుకు తోటల ఊరు అది. ఆ చుట్టుపక్కల దిగిన విశాఖ జిల్లా వాళ్ళని జాబితాలో ఏరి, వాళ్ళ సంతానంలో ముగ్గురిని పట్టుకుని, అందులో ఇద్దరు టెస్టుకి ఒప్పుకుంటే ఒకరితో ఇక్కడి పెద్దాయనకి 300 పైన కలిసింది, పొడుగు ముక్క 52. తర్వాత వై కూడా కలిసింది. కవరు లేకపోతే ఎవరిని టెస్టు చేయించుకోమని అడగాలో కూడా తెలిసేది కాదు.

పద్ధతి ఇదే: కాగితాలతో ఇద్దరు ముగ్గురు అభ్యర్థులని తేల్చుకోవాలి, డీఎన్ఏతో వాళ్ళలో ఎవరో ఖాయం చేసుకోవాలి. మ్యాచ్ దానంతట అది వస్తే మంచిదే, కానీ వచ్చేదాకా కూర్చోకూడదు. డర్బన్‌లో ఆంధ్ర మహాసభ 1931 నుంచి ఉంది, ఊరూరా శాఖలున్నాయి, పెద్దవాళ్ళకి ఒకరి సంగతి ఒకరికి తెలుసు. అక్కడివాళ్ళలో చాలామంది ఓసీఐ కార్డు (విదేశాల్లోని భారత సంతతి వాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చేది) కోసం పాత ఓడ కాగితాలు ఇప్పటికే తీయించుకుని ఉంటారు. రంగూన్ వెళ్ళినవాళ్ళ గురించి కూడా ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు గనక చెప్తున్నా, అక్కడికి మేస్త్రీల వెంట వెళ్ళారు, మనిషి మనిషికీ ఇలా వివరాలు రాసిన కాగితం లేదు, అటు టెస్టులు చేయించుకున్నవాళ్ళూ తక్కువ. నాటాల్, ఫిజీ, మారిషస్ వాళ్ళకి ఉన్న వీలు వాళ్ళకి లేదు.

మొదలుపెట్టే ముందు ఇంట్లో మాట్లాడండి

ఈ టెస్టు మీరు అడిగిన ప్రశ్నకి మాత్రమే జవాబివ్వదు. అడగనివి కూడా చెప్తుంది. ఒక ఇంట్లో నాటాల్ బంధువుల కోసం చేయిస్తే, పక్క జిల్లాలో ఉన్న ఒకాయన పెద్దాయనకి సగం అన్నదమ్ముడని తేలింది, 1,700 పైన కలిసింది, అంత దగ్గర బంధుత్వాన్ని కాదనడానికి వీల్లేదు. ఆ ఇంట్లో కొన్ని నెలలు మాటల్లేవు. అమ్మమ్మకి, నాన్నకి, మేనమామలకి ముందే చెప్పండి: తెలియనివి బయటపడొచ్చు, మీకు ఇష్టమేనా? వద్దన్నవాళ్ళ శాంపిల్ తీయకండి, బతిమాలి కూడా తీయకండి. మ్యాచ్‌లలో చిన్నప్పుడే స్వీడన్‌కో అమెరికాకో దత్తత వెళ్ళిన మన పిల్లలూ కనిపిస్తుంటారు. వాళ్ళు తల్లి కోసం వెతుకుతుంటారు. అలాంటి ఉత్తరం వస్తే జవాబివ్వకుండా ఉండకండి, అలాగని ఎవరి పేరూ చిరునామా తొందరపడి ఇవ్వకండి. ముందు ఇటువైపు మనిషిని ఒంటరిగా కలిసి అడగాలి.

డేటా సంగతి కూడా తెలిసి చేయండి. 23అండ్‌మీ నుంచి 2023లో దాదాపు 69 లక్షలమంది వివరాలు బయటికి పోయాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. జెడ్‌మ్యాచ్‌ని అమెరికా పోలీసులు 2018లో ఒక పాత హత్యల కేసు తేల్చడానికి వాడారు, ఆ తర్వాత పోలీసులకి చూపించాలా వద్దా అనేది మనమే ఎంచుకునే వీలు పెట్టారు. అకౌంట్‌లో అసలు పేరు బదులు పొడి అక్షరాలు పెట్టండి, ముడి ఫైలు దించుకుని మీ దగ్గర దాచుకోండి.

చివరిగా, అటువాళ్ళకి మొదటి ఉత్తరం ఎలా రాయాలో చెప్తాను, చాలా మ్యాచ్‌లు ఇక్కడే ఆగిపోతున్నాయి. ఇటు వాళ్ళకి భయం, ఎవరో వచ్చి భూమిలో వాటా అడుగుతారేమో అని. అటు వాళ్ళకి భయం, డబ్బు అడుగుతారేమో, ఏదో మోసమేమో అని. రెండు భయాలూ నేను చూశాను. అందుకని మొదటి ఉత్తరం ఐదారు వాక్యాలే రాయండి: ఎవరి కిట్, ఎంత కలిసింది, మీరు వెతుకుతున్న మనిషి పేరు, తండ్రి పేరు, వెళ్ళిన ఏడాది, జిల్లా. ‘మాకు ఆస్తి విషయాలేవీ లేవు, కుటుంబం గురించి తెలుసుకోవాలని మాత్రమే’ అని ఒక వాక్యం తప్పకుండా ఉండాలి. ఫోన్ నంబర్ అడగకండి. ఇంగ్లిష్‌లో రాయండి, వాళ్ళకి తెలుగు చదవడం రాకపోవచ్చు. ఊరి ఫోటో ఒకటి జత చేయండి, గుడిదో చెరువుదో. జవాబు రాకపోతే రెండు నెలలాగి ఇంకోసారి రాయండి.

ఈ వారంలో మీరు చేయగలిగింది, అమ్మమ్మ దగ్గర కూర్చుని వాళ్ళ చిన్నాన్న పిలుపు పేరు, తాతగారి పేరు, నానమ్మ పుట్టింటి పేరు, వాళ్ళ తల్లిదండ్రులది మేనరికమా కాదా అడిగి రాసుకోవడం. ఆ నాలుగూ, ఊరు ఏ తాలూకా కింద ఉండేదో కూడా ఇక్కడ రాస్తే, 1909 నుంచి 1911 దాకా వచ్చిన ఓడల్లో ఏ స్పెల్లింగ్‌లతో వెతకాలో నేను జాబితా చేసి పెడతాను.